పూత పూసిన తెల్లపొడి

మా బావ నన్ను అడిగింది ఒక్క ప్రశ్న. నేను తెలిసినట్టే జవాబు చెప్పేశాను. ఆత్రగాడికి బుద్ధి మట్టు అని మా అమ్మ నన్ను చూసే అనేదేమో, ఇప్పుడనిపిస్తుంది.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళలో నేను విశాఖపట్నంలో పరిశోధన చేస్తూ, గోపాలపట్నంలో అక్కావాళ్ళింట్లో ఉండేదాన్ని. బావది పరవాడ దగ్గర ఒక చిన్న రంగుల ఫ్యాక్టరీలో పని. జింక్ ఆక్సైడ్ అనే తెల్లపొడి బస్తాలు విప్పి యంత్రంలో పొయ్యాలి. ముక్కుకూ నోటికీ రబ్బరు మాస్కు. మే నెలలో దాన్ని పెట్టుకుని ఎనిమిది గంటలు నిలబడడమంటే ఏమిటో నాకు తెలియదు, ఆయన బుగ్గల మీద చెమటపొక్కులు మాత్రం చూసేదాన్ని.

ఒకరోజు చిన్న ప్లాస్టిక్ పొట్లం తెచ్చి నా ముందు పెట్టాడు.

"ఏటి మరదలా, రోజూ మైక్రోస్కోపులో కళ్ళెట్టి ఏటో సూత్తన్నావ్ గదా, ఇది కూడా సూసి సెప్పు. కొత్త సరుకట. రేణువు రేణువుకీ పైన పూత ఏసీసేరట, ఒంటికేటీ సెయ్యదని సూపర్‌వైజర్ అంటన్నాడు. మాస్కు తీసీమంటావా?"

నాకు గర్వంగా అనిపించింది. నా చదువుతో ఇంట్లో ఎవరికైనా పనిపడడం అదే మొదలు.

మా ల్యాబులో చిన్న చిన్న గుంటలున్న ప్లేట్లలో మనిషి ఊపిరితిత్తుల కణాలను పెంచేవాళ్ళం. కంటికి ఆనని సన్నపు పొడులను వాటి మీద వేసి, ఎన్ని చచ్చాయో లెక్కపెట్టడం నా పని. నీలం రంగు చుక్క వేస్తే బతికున్న కణం దాన్ని లోపలికి రానివ్వదు, చచ్చిన కణం తాగేస్తుంది. కణాలను వెచ్చగా ఉంచే పెట్టె మా అందరికీ కలిపి ఒక్కటే ఉండేది. అందుకని వంతులు పెట్టుకున్నాం. ఇవాళ నీ ప్లేటు పెట్టు, రేపు లెక్కపెట్టి పారెయ్యి, పక్కవాళ్ళకు చోటివ్వు. ఏళ్ళ తరబడి ఇలా చేసీ చేసీ, ఆ ఒక్కరోజు గడువు పెట్టె చాలక వచ్చిందన్న సంగతే మరిచిపోయాం. విషం కూడా మా వంతుల ప్రకారమే నడుచుకుంటుందని నమ్మాం. ఇంత చదువుకున్నవాళ్ళకు ఇంత చిన్న విషయం తట్టకపోవడం నాకిప్పటికీ సిగ్గే.

పూత లేని పాత పొడి వేసిన గుంటల్లో మర్నాటికి సగానికి పైగా కణాలు నీలమయ్యాయి. బావ ఇచ్చిన పొడి వేసినవి చెక్కుచెదరలేదు. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే.

"ఏటీ సెయ్యదు బావా, నాను సూసేను" అన్నాను ఇంటికెళ్ళి.

ఆ "సూసేను" అన్న ముక్క ఎందుకు కలిపానో, అంతా నా నోటిదూల. అక్క ఆ పూట నాకు వంజరం చేప ముక్క ఇంకోటి వేసింది.

తర్వాత కొన్ని నెలలకు బంద్ వచ్చింది. బస్సుల్లేక ల్యాబుకు ఎవరం వెళ్ళలేదు. బావ ఇచ్చిన పొడిని కూడా మళ్ళీ వేసి పెట్టిన నా ప్లేటు మూడు రోజులు ఆ పెట్టెలోనే ఉండిపోయింది. వెళ్ళాక పారెయ్యబోతూ, ఊరికే రంగు వేసి చూశాను. ఏ పొడీ వెయ్యని కణాలు బాగానే ఉన్నాయి. పూత పొడి వేసినవి మాత్రం దాదాపు అన్నీ నీలం. పూత విషాన్ని ఆపలేదు, ఆలస్యం చేసింది. కణం లోపలికి చేరాక మెల్లగా అరిగిపోయి, లోపలున్న జింకును కరగనిచ్చింది.

వెంటనే బావకు చెప్పానా? లేదు. ఖాయం చేసుకోవాలని స్నేహితురాళ్ళ వంతులు అడుక్కుని ఇంకో రెండుసార్లు చేశాను. పరవాలేదని చెప్పడానికి లేని నిదానం, ప్రమాదమని చెప్పడానికి వచ్చింది. ఆ వారాలన్నీ ఆయన మాస్కు లేకుండానే పనికెళ్ళాడు. అప్పటికే దగ్గు మొదలైంది. దేనివల్లో నేను చెప్పలేను, కానీ రాత్రిపూట ఆ దగ్గు వింటూ పడుకోవడం నావల్ల అయ్యేది కాదు.

చివరికి చెప్పాను. బావ కోప్పడలేదు. అన్నం కలుపుతున్న చెయ్యి కంచంలోనే కడిగేసుకున్నాడు.

"నా సంగతి సరే. మా షిఫ్టులో పదకొండుమంది మాస్కులు తీసీసేరు. మా మరదలు సూసిందని నానే ఒక్కొక్కలికీ సెప్పీసేను. ఇప్పుడు నా మాటింటారేటి? నువ్వే వొచ్చి సెప్పు."

మర్నాడు షిఫ్టు మారే వేళకు ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడ్డాను. బావ నన్ను చూపించగానే ఒక పెద్దాయన దగ్గరకొచ్చి దణ్ణం పెట్టాడు. కనుబొమ్మల మీద కూడా తెల్లపొడే.

"మీరేనేటమ్మా! మీ పున్నేన ఈ ఎండల్లో ఊపిరాడతంది."

తప్పు చెప్పానని, ఈ రోజు నుంచే మాస్కులు పెట్టుకోమని అన్నాను. ఆయన చేతులు ఇంకా జోడించే ఉన్నాయి.

"అలాగేనమ్మా, పెట్టుకుంటాం. మరి ఇన్నాళ్ళూ పీల్చీసింది ఏటవుద్ది?"

తెలియదన్నాను. ఆ మాట బావ పొట్లం తెచ్చిన రోజే అని ఉండాల్సింది.