ఫ్లెక్సీ మీద దేవదూత

నవ్వితే నవ్వండి గానీ, ఆ సినిమాని మేమిద్దరం కథ కోసమే చూశాం.

తలుపు గడియ పెట్టుకుని, ఇయర్‌ఫోన్స్ చెరొకటి చెవిలో పెట్టుకుని చూసే రకం సినిమా అది. మగవాళ్ళని ప్రేమించే మగవాళ్ళ కోసం తీసిన పెద్దల సినిమా. అలాంటివాటికి కూడా ఏదో దేశంలో అవార్డులిస్తారట, దీనికి వచ్చిందట. "అవార్డు సినిమా ఇది, కాస్త మర్యాదగా కూర్చో" అన్నాడు తను, మొదటిసారి లాప్‌టాప్ తెరిచినప్పుడు.

రెక్కలున్న ఒకతను ఆకాశంలోంచి ఆపిల్ తోటలో పడతాడు. ఒక రెక్క విరుగుతుంది. తోట కాసే మనిషి అతన్ని ఇంట్లోకి మోసుకెళ్ళి కట్టు కడతాడు. ఆ తర్వాత ఏం జరుగుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు, జనం డబ్బులిచ్చి చూసేది అందుకేగా. మేం మాత్రం అదంతా గబగబా ముందుకు జరిపేసేవాళ్ళం. రెక్క మానినా అతను ఎగిరిపోడు. ఈకలన్నీ రాలిపోయేదాకా అక్కడే ఉంటాడు. చివర్లో ఇద్దరూ పెరట్లో బట్టలు ఆరేస్తుంటే గోడవతల ముసలావిడ చూసి చెయ్యి ఊపుతుంది. ఆ సీను వచ్చిందంటే చాలు, వెనక్కి తిప్పి మళ్ళీ మళ్ళీ చూసేవాళ్ళం. రెక్కలు మాకేం వింతగా అనిపించలేదు. పొరుగింటి ముసలావిడ అలా చెయ్యి ఊపడమే మాకు పెద్ద మాయలా ఉండేది. మేం డాబా మీద బట్టలు కూడా వేరువేరు తీగల మీద ఆరేసుకునేవాళ్ళం మరి.

బెజవాడలో ఒక డాబా పైపోర్షన్‌లో అద్దెకుండేవాళ్ళం. ఇంటావిడ దృష్టిలో మేం బుద్ధిమంతులైన ఇద్దరు బ్యాచిలర్లం. తను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాడు. నేను గవర్నర్‌పేటలో ఫ్లెక్సీ డిజైనర్ని. నాయకుల పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు, పెళ్ళిళ్ళు, చావులు, అన్నీ నా కంప్యూటర్లోంచే పోవాలి. "ఊళ్ళో నువ్వు నవ్వించని ముఖం లేదు గానీ ఇంటికొచ్చేసరికి ఆ మూతి ముడుచుకోడమేంటి?" అని ఏడిపించేవాడు. నాది కోపిష్టి స్వభావం. తనకి అది తమాషాగా ఉండేది.

మొన్న వానాకాలం తనకి జ్వరమొచ్చింది. డెంగ్యూ అన్నారు. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయన్నారు. ఐసీయూ తలుపు దగ్గర నర్సు, "పేషెంటుకి మీరేమవుతారు?" అని అడిగింది. ఫ్రెండ్నన్నాను. "అయితే బయట కూర్చోండి, రక్తసంబంధం వాళ్ళని పంపించండి" అంది. కంకిపాడు దగ్గర పల్లెటూరి నుంచి వాళ్ళమ్మగారొచ్చారు, చెల్లెలొచ్చింది. వాళ్ళు లోపలికి వెళ్ళారు. నేను బయట కుర్చీలో కూర్చున్నాను. తను పోయిన సంగతి కూడా ఆ కుర్చీలోనే విన్నాను. సమాధుల తోటలో మట్టి వేసేటప్పుడు ఇంట్లోవాళ్ళు, చర్చి సంఘం పెద్దలు, కాలేజీవాళ్ళు అందరూ అయ్యాక నా వంతొచ్చింది.

కొన్నాళ్ళకి వాళ్ళమ్మగారు మా షాపుకి వచ్చారు, కూతుర్ని వెంటబెట్టుకుని. ఆదరణ కూడిక పెట్టుకున్నారు. క్రైస్తవుల్లో మనిషి పోయాక ఇంటివాళ్ళని ఓదార్చడానికి సంఘమంతా చేరి ప్రార్థన చేసి భోజనం చేస్తారు. దానికి ఫ్లెక్సీ కావాలన్నారు. కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చాను. ఆవిడ ఫోన్ తీసి నా చేతికిచ్చారు.

"చూడు బాబూ, మావాడు ఆఖర్న చూసింది ఇదే. దేవదూతల సినిమా."

చూశాను. నా పై ప్రాణాలు పైనే పోయాయి. సామాన్లతో పాటు లాప్‌టాప్ కూడా వాళ్ళింటికి వెళ్ళిపోయింది. తెరిచేసరికి మా సినిమా తను ఆపిన చోటే నిలబడి ఉంది. ఆపిల్ చెట్ల మధ్య, తెల్లటి వెలుగులో, భుజాల వరకే కనిపిస్తూ రెక్కలతను. ఆవిడ దాన్ని ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టారు. సంఘం గ్రూపులో అందరూ దణ్ణాలు పెట్టారట.

"ఆదివారం మందిరానికి రారా అంటే తప్పించుకు తిరిగేవాడు. ఎన్ని తిట్లు తిట్టానో! లోపల ఇంత భక్తి పెట్టుకున్నాడని నాకేం తెలుసు బాబూ?" అని కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు.

"సినిమా అంతా చూశారా ఆంటీ?" అన్నాను.

"లేదు. ఈ పిల్ల నొక్కబోతే చేతి మీద ఒక్కటేశాను. నా బిడ్డ ఎక్కడ ఆపాడో అక్కడే ఉండనీ అన్నాను. ఈలోపు చార్జింగు అయిపోయి ఆరిపోయింది."

ఫ్లెక్సీకి ఫోటోలు తీసుకోవాలని చెప్పి అప్పటికప్పుడు వాళ్ళింటి నుంచి లాప్‌టాప్ తెప్పించుకున్నాను. ఆ దూత మాత్రం ఆవిడ మనసులోంచి కదిలితేనా! "మా దగ్గర దేవదూతలు బోలెడుమంది ఉన్నారాంటీ. చిన్నపిల్లలు, ఆడవాళ్ళు, బాకాలూదేవాళ్ళు. వీటిల్లో ఒకటి చూడండి" అని అన్నీ తెర మీద వరసగా చూపించాను. ఆవిడ ఒక్కదాని వంకా సరిగ్గా చూడలేదు.

"వద్దు బాబూ. నా బిడ్డ చూసిన దూతే కావాలి."

సరే అన్నాను. ఇంకేమంటాను? వాళ్ళు వెళ్ళాక ఆ నటుడికి తెల్ల అంగీ గీయడం మొదలుపెట్టాను. వృత్తిలోకొచ్చాక అతనికి ఒంటినిండా బట్ట కట్టింది నేనేనేమో! ఆ మాట అనుకోగానే నవ్వొచ్చింది. ఈ జోకు తనకి చెబితే మంచం మీద పడి దొర్లుతాడనుకుని ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. తీసుకున్నాక గానీ తను లేడన్నది గుర్తు రాలేదు. కీబోర్డు మీద తల పెట్టుకుని ఏడ్చాను. షాపు తెరిచే ఉంది. ఎవరైనా చూస్తే చూడనీ అనుకున్నాను.

మా వైపు చావు ఫ్లెక్సీలో పోయినవాళ్ళ ఫోటో ఒక్కటే ఉంటే కుదరదు. కింద వరసగా ఏడ్చేవాళ్ళ ఫోటోలు కూడా ఉండాలి. ఆ ఏడుపుకి కొలతలున్నాయి. తల్లికి పెద్ద గుండ్రం. తోబుట్టువులకి కాస్త చిన్నది. మేనమామలకి ఇంకాస్త చిన్నది. ఊళ్ళో కుర్రాళ్ళకీ మిత్రులకీ బఠాణీ గింజంత. ఒక బాబాయి ముఖం అర అంగుళం తగ్గిందని షాపుకొచ్చి కొట్లాడినవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళని ఎన్నిసార్లు తిట్టుకున్నానో! ఇప్పుడు నేనూ అదే చేశాను. ఆవిడ వెళ్తూ వెళ్తూ, "నీది కూడా ఎక్కడో ఓ చోట వేసుకో బాబూ" అన్నారు. నా ఫోటో తెచ్చి, పెద్ద గుండ్రంలో, వాళ్ళమ్మగారి పక్కనే పెట్టి చూసుకున్నాను. ఎంత బాగుందో. కింద ఏమని రాయాలి? తల్లి, చెల్లి, బావ, మేనమామ, అందరికీ ఒక మాటుంది. నాకు లేదు. అక్కణ్ణుంచి తీసి మిత్రుల వరసలో, చివరికి జరిపాను. ప్రింటుకి పంపాను.

కూడిక రోజు వాళ్ళింటి ముందు షామియానా వేశారు. ఫ్లెక్సీ మధ్యలో కట్టారు. ఒక పక్క తను నవ్వుతున్నాడు, ఆ ఫోటో తీసింది నేనే. ఇంకో పక్క రెక్కలతను. పాస్టరుగారు చెయ్యి చాపి ఆ దూతని చూపిస్తూ, మన సహోదరుడు ఈ లోకంలో ఉండగానే పరలోకాన్ని చూశాడని చెప్పారు. జనం ఆమెన్ అన్నారు. ఎవరైనా ఆ ముఖాన్ని గుర్తుపడితే ఎలా అని నాకు చెమటలు పట్టాయి. గుర్తుపట్టినవాడు మాత్రం నోరెలా ఎత్తుతాడు, తనెక్కడ చూశాడో కూడా చెప్పాలిగా! ముందు వరస కుర్చీల్లో ఇంటివాళ్ళు కూర్చున్నారు. నేను వంటవాళ్ళ వైపు నిలబడ్డాను. పాటలు పాడుతుంటే పెదాలు కదిపాను. నాకవి రావు, మాది మంగళగిరి మగ్గాల ఇల్లు, చర్చికెళ్ళే ఇల్లు కాదు.

భోజనాలయ్యాక ఆవిడ నన్ను పిలిచి పక్క కుర్చీలో కూర్చోబెట్టుకున్నారు. చాలాసేపు ఫ్లెక్సీ వంకే చూశారు.

"ఆ సినిమా కథేంటి బాబూ? నువ్వూ చూసే ఉంటావుగా, ఒక గదిలో ఉన్నోళ్ళు."

చెప్పాను. రెక్క విరిగి తోటలో పడతాడండీ అన్నాను. తోట మనిషి కట్టు కడతాడండీ అన్నాను. బాగయ్యాక కూడా ఎగిరిపోడు, అక్కడే ఉండిపోతాడు అన్నాను.

"పరలోకం వదులుకునా?" ఆవిడ నా వైపు తిరిగారు. "ఎందుకని?"

"ఆ తోట మనిషంటే ఇష్టమండీ."

ఆవిడ నా ముఖంలోకి చూస్తూ ఉండిపోయారు. ఇంకొక్క ప్రశ్న అడిగితే చెప్పేద్దామనుకున్నాను. ఏమైతే అదయింది, ఈ లోకంలో ఒక్క మనిషికైనా తను నావాడని తెలియాలి. ఆ ఒక్క మనిషి ఈవిడే అయితే ఇంకేం కావాలి నాకు?

ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "అట్టా ఇష్టపడే మనిషి ఒక్కళ్ళు కూడా లేకుండానే పోయాడు బాబూ నా బిడ్డ. పెళ్ళి చేసుకోరా అంటే నవ్వి ఊరుకునేవాడు. ఒంటికాయ శొంఠికొమ్ములాగా బతికి అట్టానే పోయాడు. పోయినదానికన్నా అదే నన్ను ఎక్కువ తినేస్తంది."

ఆవిడ బాధకి మందు నా దగ్గరే ఉంది. అది మందో విషమో మాత్రం నాకు తెలియదు. ఆవిడకి మిగిలింది ఆ కొడుకు జ్ఞాపకం ఒక్కటే. దాని మీద చెయ్యి వెయ్యడానికి నాకు ధైర్యం చాలలేదు.

"లేదాంటీ" అన్నాను. "వాడు ఒంటరిగా లేడండీ. సంతోషంగా ఉన్నాడు. నిజం, చాలా సంతోషంగా ఉన్నాడు."

ఆవిడ నా చెయ్యి తీసుకుని నిమిరారు. జాలిగా నవ్వారు.

"నన్ను ఓదార్చాలని అంటన్నావు. మంచోడివి. నీకేం తెలుస్తది బాబూ అదంతా? ఫ్రెండువేగా."

"అవునండీ" అన్నాను.