మా అమ్మాయికి దొరికిన పెద్దమ్మ

తుఫానుకు సముద్రం ఒడ్డున ఇళ్లు పోయినవాళ్లను తెచ్చి మా కంచరపాలెం బడిలో పెట్టారు. నా టైలరింగ్ షాపుకు ఆ బడి రెండు సందుల అవతల. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చే ఆడవాళ్లు రోజూ ఆ కబుర్లే చెప్పేవారు. బల్లలు బయట పడేసి గదికి నాలుగు కుటుంబాల చొప్పున సర్దారని, మధ్యలో చీరలు అడ్డం కట్టుకున్నారని, రైలు వస్తే చాలు పిల్లలంతా ప్రహరీ గోడెక్కుతున్నారని. ఆ క్యాంపు చూసుకునే ఆవిడ ఒకరోజు షాపుకు వచ్చింది. "పిల్లలు ఎలాగో ఆడుకుంటున్నారండీ. ఆడవాళ్లే, ఏం తోచక గోడలకేసి చూస్తూ కూర్చుంటున్నారు. ఒక మిషను తెచ్చి నాలుగు రోజులు కుట్టు నేర్పుతారా?" అని అడిగింది.

నాలుగు రోజులనుకున్నది రెండు నెలలైంది. మధ్యాహ్నం అన్నం తిని షాపు మూసేసి అక్కడికి వెళ్లేదాన్ని. ఊళ్లో జనం పంపిన బట్టల మూటల్లో తళుకులద్దిన లెహంగాలు, పెళ్లి గౌన్లు, జీన్స్ ప్యాంట్లు ఉండేవి. సముద్రంలో ఇల్లు కొట్టుకుపోయిన మనిషి లెహంగా ఏం చేసుకుంటుంది? వాటిని విప్పి పిల్లలకు గౌన్లు, లాగులు కుట్టాం. బడి మైదానం నిండా తళుకుల గౌన్లు వేసుకుని పిల్లలు కబడ్డీ ఆడుతుంటే ఆడవాళ్లు మొదటిసారి నవ్వారు. నాకూ గర్వంగా అనిపించింది. అక్కడ నన్ను అందరూ టైలరమ్మ అనేవారు.

ఆ గర్వంతోనే ఒక ఆదివారం మా అమ్మాయిని వెంట తీసుకెళ్లాను. దానికి పదిహేడేళ్లు. ఇంటర్ అయ్యాక ద్వారకా నగర్‌లో మెడికల్ సీటు కోసం లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో చేర్పించాం. చేరిన దగ్గర్నుంచీ ఇంట్లో మాట తగ్గించేసింది. తిన్నావా అంటే ఊఁ, చదివావా అంటే ఊఁ. వాళ్ల నాన్న స్టీల్ ప్లాంటు షిఫ్టుల్లో ఉంటారు కాబట్టి ఆ ఊఁలన్నీ నేనే వినాలి. తల్లి నలుగురికి పనికొచ్చే మనిషని చూస్తే కాస్త మనసు విప్పుతుందేమోనని నా ఆశ.

విప్పింది. నా దగ్గర కాదు.

వరండా చివర ఒకావిడ వల బాగుచేసుకుంటూ కూర్చునేది. యాభై ఏళ్లుంటాయి. తట్ట నెత్తిన పెట్టుకుని వీధి వీధికీ తిరిగి చేపలమ్మిన మనిషి. పడవ పోయింది, ఇల్లు పోయింది, వల మాత్రం చెట్టుకు చిక్కుకుని మిగిలిందట. కుట్టు నేర్చుకోవడానికి ఆవిడ ఏ రోజూ రాలేదు. మా అమ్మాయి కాసేపు పిల్లలకు ఎక్కాలు చెప్పి, ఆవిడ పక్కన చేరి, "ఇదెలా వేస్తారు?" అని అడిగింది. సాయంత్రం నేను మిషను సర్దుకునేసరికి వల ఒడిలో పరుచుకుని అదే ముళ్లు వేస్తోంది.

పదేళ్లుగా నేను దానికి గుండీ కుట్టడం నేర్పాలని చూస్తున్నాను. "నాకు రాదమ్మా, విసిగించకు" అని సూది విసిరికొట్టిన పిల్ల అది.

తర్వాత నాతో రమ్మని పిలవనక్కర్లేకపోయింది. ఆదివారమైతే నాకంటే ముందే చెప్పులేసుకునేది. ఆవిణ్ని పెద్దమ్మా అని పిలవడం మొదలుపెట్టింది. వయసులో పెద్దదాన్ని అలాగే పిలుస్తారని నాకు తెలుసు. అయినా ఆ మాటలో సగం నాది కదా అనిపించేది. ఇంకో వారం చూస్తే ఆవిడ దీనికి జడ వేస్తోంది. ఎనిమిదో తరగతి నుంచి నన్ను తల ముట్టుకోనివ్వలేదు. ఇంటికొచ్చాక, "నీ జుట్టు నీచు వాసనొస్తోంది, తలస్నానం చెయ్యి" అన్నాను. అది వాసన చూసుకుని, "బాగానే ఉందే" అని లోపలికి పోయింది.

నేను చేసిన చిన్న చిన్న పనులు ఇప్పుడు తలుచుకుంటే తల ఎత్తబుద్ధి కాదు. చీరలు పంచేటప్పుడు ఆవిడకు వెలిసిపోయినది తీసి ఇచ్చాను. వరండాలో వల అడ్డమొస్తోందని, పిల్లలు తట్టుకుని పడతారని క్యాంపు చూసుకునే ఆవిడతో చెప్పి మూల గదిలోకి మార్పించాను. ఏదీ పని చేయలేదు. మా అమ్మాయి మూల గదిలోకే వెళ్లి కూర్చుంది.

ఒక మంగళవారం షాపులో కరెంటు పోయింది. మిషను కొట్టడానికి వీల్లేక, కత్తిరింపులైనా చేసుకుందామని పదకొండు గంటలకే బడికి వెళ్లాను. మూల గది గుమ్మం బయట మా అమ్మాయి చెప్పులున్నాయి. ఆ సమయానికి అది ద్వారకా నగర్‌లో క్లాసులో ఉండాలి. అడ్డంగా కట్టిన చీర ఇవతలే నేను ఆగిపోయాను. లోపల అది మాట్లాడుతోంది. ఊఁలు కాదు, వరసగా మాటలు.

"టెస్టులన్నింట్లో చివరే వస్తున్నాను పెద్దమ్మా. మూడు వారాల్నించి వెళ్లట్లేదు. అమ్మకి చెప్తే తిట్టదు. మిషను ఆపేసి నా వంక చూస్తుంది అంతే. ఆ చూపుకే నాకు భయం."

చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేశాను. దారంతా నన్ను కాల్చింది క్లాసులు ఎగ్గొట్టడం కాదు. మూడు వారాలు. ఆవిడకు తెలుసు, నాకు తెలియదు.

మర్నాడు ఆవిడ కుళాయి దగ్గర బిందె పెట్టుకుని నిలబడి ఉంటే వెళ్లాను. చుట్టూ ఎవరూ లేరు.

"ఇల్లు పోయిందని జాలిపడి ఒచ్చినాను నాను. నా ఇంట్లో మనిసిని పట్టుకుపొమ్మని కాదు. నా పిల్లని నాకు ఒగ్గీ" అన్నాను.

ఆవిడ కుళాయి కట్టేసింది.

"నీకు సెప్పమని దానికి రోజూ సెప్తన్నాను టైలరమ్మా. గుంట బయపడతంది."

"క్లాసుకి ఎగ్గొట్టి నీ కాడ కూకుంటే పొమ్మని పంపాలి కదేటి?"

"ఎక్కడికని పంపను? తొలీత ఆ గుంటని నాను సూసింది ఇక్కడ కాదు. మా పక్క గదిలో పిల్లని ఎతుక్కుంటా ఎల్లినాను. ఈ గుంట రైలు కట్ట మీద కూకోనుంది. పుస్తకాల సంచీ పక్కనెట్టుకుని. ఏటమ్మా ఇక్కడున్నావంటే ఊరికే అంది. నాకు ఊరికేలాగ అగుపడనేదు. ఆ ఆదివారం నువ్వు తెచ్చినదాకా నీ కూతురని తెల్దు. సెయ్యట్టుకుని తెచ్చేసినాను. పొమ్మంటే మల్లా అక్కడికే ఎల్తదేమోనని కూకోబెట్టుకుంతన్నాను."

ఆవిడ బిందె ఎత్తి చంకన పెట్టుకుంది. "నీకెలా సెప్పాలో తెలీనేదు. తప్పే" అంది.

ఈ మాట రాయడం నాకు కష్టంగా ఉంది. అది విన్నప్పుడు ముందుగా కలిగింది భయం కాదు. నా బిడ్డ ఆ కట్ట మీద కూర్చున్నప్పుడు చూసింది నేను కాకపోయానే అన్న కుళ్లు. అది ఒక్క క్షణమే కావచ్చు. కానీ అదే ముందు. ఆ తర్వాత అక్కడే కుళాయి గట్టు మీద కూలబడ్డాను. ఆవిడ బిందె దించి, చేత్తో నీళ్లు తీసి నా మొహం మీద చల్లింది.

ఆ సాయంత్రం మా అమ్మాయి పుస్తకాల సంచీతో షాపుకు వచ్చింది, క్లాసు నుంచి వస్తున్నట్టే. నేను ఒక లంగా అంచు కుడుతున్నాను. తల ఎత్తలేదు, మిషను ఆపలేదు.

"రేపట్నించి ద్వారకా నగర్ వెళ్లొద్దులే. నీకేం చదవాలనుందో మెల్లగా చూసుకుందాం."

అది గుమ్మంలోనే నిలబడిపోయింది. "పెద్దమ్మ చెప్పిందా?"

"నేను అడిగితే చెప్పింది."

"నువ్వు అడిగావా?" అంది, నమ్మనట్టు. తర్వాత వచ్చి స్టూలు మీద కూర్చుని ఏడ్చింది. ఆ లంగా అంచు వంకరగా పోయింది. మళ్లీ విప్పాల్సి వచ్చింది.

అన్నీ ఒక్క రోజులో చక్కబడలేదు. దాన్ని డాక్టరుకు చూపించాం. వాళ్ల నాన్నకు చెప్పడానికి వారం పట్టింది. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. కొన్ని రోజులు బాగుంటుంది, కొన్ని రోజులు మళ్లీ ఊఁలే.

బడి మళ్లీ తెరవాలని క్యాంపు ఎత్తేశారు. వాళ్లకు ఆనందపురం అవతల, సముద్రం వాసన కూడా రానంత దూరంలో గదులిచ్చారు. ఆవిడ ఇప్పుడు అక్కడ బంతిపూలు, చామంతులు దండలు కట్టి అమ్ముతోంది. మా అమ్మాయి నెలకో రెండు నెలలకో బస్సెక్కి వెళ్లి వస్తుంది. నేను ఒక్కసారే వెళ్లాను. క్షమించమని అడగాలనే వెళ్లాను. తీరా వెళ్లాక, "జాకెట్టు కుట్టి ఇస్తాను, కొలత ఇయ్యి" అన్నాను. ఆవిడ నవ్వి చేతులు చాచి నిలబడింది. భుజాల దగ్గర, తట్ట మోసి మోసి ఎముక ఒకవైపు వంగి ఉంది. టేపు పట్టుకున్నంతసేపూ, వెనకాల మా అమ్మాయి ఆవిడ మనవరాలితో ఏదో చెప్పి పకపకా నవ్వుతూనే ఉంది. ఇంట్లో ఆ నవ్వు నేను వినలేదు.

జాకెట్టు కుట్టి మా అమ్మాయితో పంపాను. సాయంత్రం తిరిగి తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"సంకలో బిగిసిందట. కొంచెం వదులు చెయ్యమంది."

ఇరవై ఏళ్లలో నా కొలత తప్పిందని ఎవరూ వెనక్కి పంపలేదు. జాకెట్టు తిరగేసి, కుట్టు విప్పి, లోపల మడిచి ఉంచిన గుడ్డ అరంగుళం వదిలాను. మా అమ్మాయి పక్కనే నిలబడి చూస్తోంది.

"మళ్లీ ఎప్పుడెళ్తావు?" అన్నాను.

"వచ్చే ఆదివారం. నువ్వూ వస్తావా?"

షాపులో పని ఉందన్నాను. నిజంగానే ఉంది.