వైండింగక్క గొంతు

కాలిపోయిన మోటారు సంగతి ఆమె ముక్కుతోనే కనిపెట్టేది. షాపు గుమ్మంలో దింపగానే ఒకసారి వాసన చూసి, "ఇది నీళ్లు లేకుండా తిరిగింది" అనో, "ఇది లో వోల్టేజీకి పోయింది" అనో చెప్పేసేది. మోటారులో కాలిన తీగ విప్పి కొత్తది చుట్టే వైండింగు, తండ్రి నేర్పిన పని. ఆయన పోయాక షాపూ ఆమెదే అయింది. ఫ్యాను, పంపు, మిక్సీ, ఆ వీధిలో ఏది తిరగడం మానేసినా ఆమె బల్ల మీదికే చేరేది. అసలు పేరు కరెంటు బిల్లు మీద మిగిలిపోయింది. అందరికీ ఆమె వైండింగక్క.

ఆమెకు పాటంటే ప్రాణం. పాటకు మాత్రం ఆమె పొడ గిట్టదు. చెవి నిక్కచ్చి, రేడియోలో ఎవరైనా రవ్వంత శ్రుతి తప్పినా మొహం చిట్లించేది. తానే గొంతు విప్పితే మాత్రం అనుకున్న స్వరం ఒకటి, వచ్చేది ఇంకొకటి. చిన్నప్పుడు బడిలో అందరితో పాటు పాటకు నిలబెట్టిన టీచరు మెల్లగా చెవిలో చెప్పింది: "నువ్వు నోరు ఆడించమ్మా, చాలు. శబ్దం రానీకు."

ఆమె సొంత అక్క మాత్రం చక్కగా పాడేది. పెద్దయ్యాక సంగీతం టీచరైంది. "పెద్దదానికి గొంతు, చిన్నదానికి చేతులు. గొడవ లేకుండా పంచేశా" అని తల్లి నలుగురిలో నవ్వేది. చిన్నదీ నవ్వేది. ఆ నవ్వులో గుచ్చుకునే ముల్లు ఆమెకొక్కదానికే తెలుసు.

ఒక వానాకాలం బేరాలు లేక, ఫోన్లో మోటార్ల వీడియోలు చూస్తూ కూర్చుంది. వాటి మధ్యలో ఇంకేదో వచ్చింది. ఒకాయన అగ్గిపెట్టెంత ఎలక్ట్రానిక్ బోర్డుకు స్పీకరు తగిలించి, అట్ట మీద అంటించిన రేకు ముక్కల్ని వేలితో తాకుతూ పాట వాయిస్తున్నాడు. గొంతు అక్కర్లేదు, ఊపిరి అక్కర్లేదు. ఆమె లేచి షాపు షట్టరు సగం దించి, ఆ వీడియో మళ్ళీ మొదటినుంచీ చూసింది.

వారం తిరక్కుండా అలాంటి బోర్డే తెప్పించుకుంది. బస్సు డ్రైవరు అయిన భర్త దాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"ఏంటే ఈ బిళ్ళ?"

"కంప్యూటరండీ. చిన్నది. మనం ఏం రాసిస్తే అది చేస్తుంది."

"అదృష్టవంతురాలివి. నాకు ఇంట్లో అలాంటిది ఒక్కటీ లేదు."

అలా అన్నవాడే పాత లాప్‌టాప్ ముందు పక్కన కూర్చుని, వీడియో ఆపి ఆపి ఒక్కో అక్షరం చదివి చెప్పాడు. ఆమె ఒక్కో వేలితో కొట్టింది. వాక్యం చివర చుక్కా కామా కలిసిన గుర్తు ఒకటి పడలేదని బోర్డు మొండికేసింది. "ఇంత చిన్నదానికి అంత అలకా? మీ పుట్టింటి నుంచి వచ్చిందా ఏమిటి?" అన్నాడు భర్త. ఆ గుర్తు పెట్టాక స్పీకరు పలికింది. డబ్బాలో చిక్కుకున్న తుమ్మెదలా ఉంది. అయినా శ్రుతిలో ఉంది.

రేకుల మీద పాట పట్టుబడ్డాక అక్కను పిలిచి వినిపించింది. అక్క చివరిదాకా విని చెప్పింది.

"స్వరాలన్నీ సరిగ్గానే ఉన్నాయే. కానీ ఒక స్వరానికీ ఇంకో స్వరానికీ మధ్య ఏమీ లేదు. మెట్లు దిగినట్టుంది. పాట ఉండేది ఆ మధ్యలోనే కదా."

ఆ మాట మంటపెట్టింది. నిజం కాబట్టి ఇంకా మండింది. మెట్లు కాదు, జారుడుబల్ల కావాలి. ఎలా? ఆ ఆలోచనతోనే తిరుగుతూ, ఒకరోజు రిపేరుకొచ్చిన పాత రెగ్యులేటరు విప్పింది. లోపల కడ్డీ, కడ్డీకి చుట్టిన సన్న తీగ, దాని మీద అటూ ఇటూ జరిగే ఇత్తడి నాలుక. జరిపే కొద్దీ కరెంటు కొంచెం కొంచెంగా మారుతుంది. బిడ్డను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది ఆమె పని. తీగ చుట్టడమే కదా, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చేస్తున్నదే అది.

మొదట చేతికందిన తీగ చుట్టింది. అది మరీ లావు. కరెంటు ఎక్కువై బోర్డు వేడెక్కి, సన్నగా పొగ వదిలి చచ్చిపోయింది. భర్త దగ్గరికొచ్చి, "వాసన చూసి చెప్పు, దేనికి పోయిందో" అన్నాడు.

"నా తొందరకి పోయింది" అంది ఆమె.

ఈసారి వెంట్రుకంత సన్నటి హీటరు తీగ తెచ్చింది. మూరెడు ప్లాస్టిక్ గొట్టాన్ని వైండింగు మిషనుకు బిగించి, చుట్టుకూ చుట్టుకూ మధ్య పిసరంత ఎడం ఉంచుతూ, ఊపిరి బిగబట్టి చుట్టింది. కుడి చూపుడువేలికి ఇత్తడి ఉంగరం తొడిగి, దానికి వైరు కలిపింది. ఉంగరం తీగ మీద జారితే స్వరం జారుతుంది. ఎడమ చేతి కింద స్పాంజి మెత్త. నొక్కితే పెద్దగా, వదిలితే చిన్నగా. తొలిరోజుల్లో ధ్వని చలిజ్వరం వచ్చినట్టు వణికింది. ఉంగరం ఎక్కడుందో ఒక్కసారే చూసి పలకొద్దని, కొన్నిసార్లు చూసి వాటి సగటు పట్టుకోమని బోర్డుకు రాసింది. వణుకు పోయింది. పాట జారింది, సాగింది, వొంపు తిరిగింది.

ఒక సాయంత్రం అక్క తన టేబుల్ ఫ్యాను పట్టుకుని వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. లోపల చెల్లెలు వీధి వైపు వీపు పెట్టి, అక్క పిల్లలకు నేర్పే పాటే వాయిస్తోంది. పాట అయ్యాక అక్క ఫ్యాను నేల మీద పెట్టి దగ్గరికొచ్చింది.

"రెండో వరుసలో పైకెళ్ళేటప్పుడు తొందరపడుతున్నావ్. అక్కడ నిలబడు. మళ్ళీ వాయించు."

మెచ్చుకోలు మాట ఒక్కటీ లేదు. అయినా వైండింగక్క గుండె నిండిపోయింది. అక్క ఏ శిష్యురాలితోనైనా ఇలాగే మాట్లాడుతుంది. ఆ రోజు నుంచి సాయంత్రాలు షాపు మూశాక పాఠం నడిచింది. అక్క పాడేది, చెల్లెలు పలికించేది, ఇద్దరూ పోట్లాడుకునేవారు.

అక్క పాఠాలు చెప్పే సంగీతం బడి వార్షికోత్సవంలో చివరి పాట వాళ్ళిద్దరిదే. తీరా హాల్లో ప్లగ్గు పెట్టగానే స్పీకరు గుర్రుమంది. స్టేజీ లైట్లన్నీ అదే లైను మీద ఉన్నాయి. మైకులాయన తల గోక్కున్నాడు. అక్క మొహం పాలిపోయింది. వైండింగక్కకు మాత్రం ఆ రోగం కొత్తది కాదు. వైరు పీకేసి, "మీ ఫోను బ్యాటరీ ఇటివ్వండి" అని భర్త జేబులోని పవర్ బ్యాంకు లాక్కుని బోర్డుకు తగిలించింది. గుర్రు ఆగిపోయింది.

అక్క పాట ఎత్తుకుంది. వాయిద్యం నీడలా వెంట నడిచింది. రెండో చరణానికి అక్క తల తిప్పి చెల్లెలి వైపు చూసి, నోరు మూసుకుని మైకును వాయిద్యం వైపు జరిపింది. చెల్లెలికి అర్థమయ్యేసరికి వేలు అప్పటికే కదిలిపోయింది. ఉంగరం తీగ మీద పైకి జారింది. రెండో వరుసలో నిలబడాల్సిన చోట నిలబడింది, ఎవరి కోసమూ తొందరపడకుండా. హాలంతా ఆ ఒక్క గొంతే. పిల్లల అల్లరి ఆగింది. తలుపు దగ్గర చెప్పులు తొడుక్కుంటున్నవాళ్ళు అలాగే వంగి ఉండిపోయారు.

పాట ముగిశాక చప్పట్లు రేకుల కప్పు మీద వాన పడ్డట్టు మోగాయి. భర్త అందరికన్నా ముందు లేచి నిలబడ్డాడు. మొదటి వరుసలో తల్లి కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ పక్కావిడతో, "ఇద్దరూ నా పిల్లలే" అంటోంది, అడక్కపోయినా.

ఇప్పుడు ఆదివారాలు షాపు బల్ల మీద మోటార్లు ఒక పక్కకు జరుగుతాయి. గొంతు పోయి పాట మానేసిన ఒక రిటైర్డ్ నర్సుకు రెండో వాయిద్యం చుట్టడం అయింది. మూడోది మిషను మీద ఉంది. షాపు బోర్డు మీద 'అన్ని రకాల మోటార్లు రివైండింగ్ చేయబడును' అన్న వరుస కింద, పెయింటరు వద్దంటున్నా ఇరికించి, 'పాటలు కూడా' అని రాయించింది. పంపు పట్టుకుని హడావిడిగా వచ్చినవాళ్ళు లోపల మోగుతున్న పాట అయ్యేదాకా గుమ్మంలో నిలబడాల్సిందే. ఇంతవరకు ఎవరూ విసుక్కోలేదు.