మైక్‌లో లేని మాట

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ చిరాకు. సౌండ్ సిస్టమ్స్ నా పని. వింత శబ్దం ఏదైనా వినిపిస్తే ఎక్కడో వైరు వదులైందనే అనుకుంటాను. ఇప్పటికీ అలాగే అనుకోవాలని ఉంది.

పోయినేడు, అమెరికాలో మేముండే ఎడిసన్‌కి కొంచెం దూరంలో, ఒక పాత కోర్టు హాల్లో క్షమాభిక్ష సభ జరిగింది. ఇంగ్లండులో విక్టోరియా రాణి ఏలుతున్న కాలంలో ఇక్కడ ఒక ఐరిష్ కూలీని, పనిచేసే ఇంటి యజమానిని చంపాడని ఉరితీశారు. కొన్నేళ్లకు యజమాని తమ్ముడే చచ్చిపోతూ నేరం ఒప్పుకున్నాడు. అయినా ఇన్నాళ్లూ రికార్డుల్లో ఈ కూలీయే హంతకుడు.

సభకి మైకులు, వీడియో, మైకులో మాట్లాడింది సాఫ్ట్‌వేర్ విని తెరమీద అక్షరాల్లో చూపించే క్యాప్షన్లు మా కాంట్రాక్ట్. నాతో పనిచేసే శ్రీకాంత్ కూడా వచ్చాడు.

ముందు వరుసలో ఆ కూలీ మునిమనవరాలు కూర్చుంది. డెబ్భై దాటిన మనిషి. ఆ రోజుల్లో ముద్దాయిని తన తరపున తాను సాక్ష్యం చెప్పుకోనిచ్చేవారు కాదట. విచారణ అయ్యేదాకా నోరెత్తనివ్వకుండా కూర్చోబెట్టి ఉరేశారని నాతో చెప్పింది.

వెనక టేబుల్ మీద కేక్ పెట్టారు. రాష్ట్ర ప్రభుత్వ అధికారి ఒకాయన నవ్వుతూ, ఈ రాష్ట్రం నిన్ను క్షమిస్తోంది అని చదివి, అందరినీ మౌనం పాటించమన్నాడు. నాకు ఒళ్లు మండింది. చెయ్యని నేరానికి చంపింది వీళ్లే, క్షమించేదీ వీళ్లేనా?

మైకులన్నీ మ్యూట్ చేశాను. శబ్దాన్ని చూపించే మీటర్ కదలడం లేదు. అప్పుడు తెరమీద ఇంగ్లీషులో ఒక మాట పడింది: నేనేం చేశానని?

మునిమనవరాలు లేచి నిలబడింది.

"ఆయన అడుగుతున్నాడు. చెప్పండి," అంది.

అధికారి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

సాయంత్రం ఆ అధికారి ఆఫీస్ నుంచి మెసేజ్ వచ్చింది, వీడియోలో ఆ లైన్ డిలీట్ చేయమని.

"తీసెయ్ అన్నా, కాంట్రాక్ట్ రెన్యువల్ ఉంది మనకు. గ్లిచ్ అని చెప్దాం," అన్నాడు శ్రీకాంత్.

"ఆయన్ని మళ్లీ నోరు మూసుకోమనాలా? నా వల్ల కాదు," అన్నాను.

తియ్యలేదు. కాంట్రాక్ట్ పోయింది.

రికార్డింగ్ ఎన్నిసార్లు విన్నానో. ఆ చోట ఏమీ లేదు, ఊపిరి చప్పుడు కూడా. క్యాప్షన్ల సాఫ్ట్‌వేర్ వాళ్లకి పంపితే, వాళ్లూ ఏమీ తేల్చలేకపోయారు. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలియదు. జవాబు మాత్రం ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.