సైరన్‌కు లేవని కొంగలు

మొన్న రాజాం బజారులో కోళ్ళ దుకాణం ముందు నుంచి వస్తుంటే తడి ఈకల వాసన గుప్పుమంది. అందరూ ముక్కు మూసుకున్నారు గానీ, నేను మాత్రం సిగ్గులేకుండా ఆగి ఇంకోసారి పీల్చుకున్నాను. నా చిన్నతనమంతా ఆ వాసనలోనే గడిచింది మరి.

మాది మాంగనీసు గని ఊరు. అరుగులు, ఆరేసిన బట్టలు, ఆఖరికి పెరుగు మీది మీగడ కూడా నల్లటి దుమ్ము పట్టి ఉండేవి. తొలకరి పడగానే మాత్రం గని కూలీలుండే లైను ఇళ్ళ వెనక చింతచెట్లు తెల్లబడిపోయేవి. ముక్కు మధ్యన సందుండే నత్తగుల్ల కొంగలు, ఎక్కడి నుంచి వచ్చేవో గానీ వందలకొద్దీ దిగి, మళ్ళలో నత్తలేరి తెచ్చి, పొద్దంతా ముక్కులు టకటకలాడించేవి. మిట్టమధ్యాహ్నం బ్లాస్టింగుకు ముందు నాన్న చేత్తో తిప్పే సైరన్ మోగిస్తే అన్నీ ఒక్కసారే లేచేవి, ఆకాశం కనబడేది కాదు. అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయేది నాకు.

గనివాళ్ళకు ఒక ఆనవాయితీ ఉండేది. ఆషాఢంలో అమ్మవారి పండగ మర్నాడు, సైరన్‌కు లేచిన కొంగల్ని నాటు తుపాకులతో కొట్టి ఇంటింటికీ కూర పంచేవారు. కూర్చున్న పిట్టను కొట్టకూడదన్నది కట్టుబాటు. కొంగలు వస్తేనే పంటని నమ్మే రైతులతో ఏటా తగువే. నేనూ ఆ కూర లొట్టలేసుకుంటూ తిన్నదాన్నే, దాచడమెందుకు.

ఆ ఏడు గని మూసేస్తారన్న గొడవల్లో పండగ రెండు నెలలు వెనకబడింది. అప్పటికి గూళ్ళ నిండా పిల్లలు. వేటకు పెద్ద మా మావయ్య, అమ్మకు తమ్ముడు. తుపాకీ తుడుచుకుంటున్న అతని మీద అమ్మ విరుచుకుపడింది.

"పురిటికొచ్చిన ఆడపిల్లల మీద తుపాకీ ఎత్తుతారేట్రా?"

"గని ఎలాగూ పోతంది. ఏట కూడా మానేత్తే గనోళ్లమని సెప్పుకోడానికి ఏటి మిగుల్తాదక్కా?" అన్నాడు మావయ్య.

పండగ మర్నాటికి బ్లాస్టింగ్ ఆగిపోయి వారం. సైరన్ తిప్పమని అందరూ నాన్న మీద పడ్డారు. "బ్లాస్టింగ్ నేకుండా నాను తిప్పను" అని నాన్న పిడి వదిలేసి పక్కకు జరిగాడు. మావయ్యే అందుకుని తిప్పాడు. భాద్రపదపు ఎండ మాడ్చేస్తోంది. సైరన్ ఊరంతా మోగింది గానీ, ఒక్క కొంగ లేవలేదు. ప్రతి గూటి మీదా ఒక తల్లి నిలబడి, రెక్కలు గొడుగులా విప్పి, ఈకలైనా రాని పిల్లలకు నీడనిస్తోంది. మావయ్య చెయ్యి పడిపోయేదాకా తిప్పాడు. కొంగలు వణికాయి. రెక్కలు మాత్రం ముడవలేదు. పన్నెండు తుపాకులూ నేలచూపులు చూశాయి. దేవుణ్ణి చూడడమంటే ఇదేనేమో అనుకున్నాను నేను.

"ఇయి లెగవు బావా" అని మావయ్య నాన్న పక్కన కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఇప్పుడు గని లేదు, లైన్ల గోడలు కూలిపోయాయి, మనుషులు తలో దిక్కూ పోయారు. సాలూరులో లారీ తోలి తోలి ముసలివాడైన మావయ్య మాత్రం ఏటా భాద్రపదంలో వచ్చి, కొంగలు ఇంకా గూళ్ళు కట్టే ఆ మిగిలిన నాలుగు చింతల కింద తలెత్తి నిలబడతాడు. కిందటేడు నేనూ వెళ్ళాను. ఎండ తగులుతోంది, ఇంటికి పోదాం రా మావయ్యా అంటే, కళ్ళు తిప్పకుండానే అన్నాడు:

"ఉండే అమ్మీ, ఆ తల్లి ఇంకా రెక్క ముయ్యనేదు."