వాన విమానాన్ని నమ్మి విత్తిన చేను

మా చేని గట్టు మీద నిలబడితే విమానాశ్రయం కంచె కనబడేది. పెనుకొండకూ ధర్మవరానికీ నడుమ, చెన్నేకొత్తపల్లి దాటి లోపలికి పోతే వచ్చే గుట్టల మధ్య, తొంభైల మొదట్లో ఆ నేలను చదును చేశారు. నేనప్పుడు హిందూపురంలో బడిపంతులుని. సెలవులకు ఊరికి వెళ్లినప్పుడల్లా అక్కడ ఏదో ఒకటి కొత్తగా లేచి ఉండేది. ముందు ఒకే ఒక్క రన్‌వే. తర్వాత మా బడికంటే చిన్న కట్టడం, దాని పైన అద్దాల గది. మంటలార్పే ఎర్ర బండి ఒకటి. ప్రయాణికులు కూర్చోవడానికి ఇనుప కుర్చీలు, సామాను తూచడానికి మండీలో బస్తాలు తూచేలాంటి కాటా. కొన్నాళ్లు వారానికి రెండుసార్లు చిన్న విమానం వచ్చిపోయేది. దిగేవాళ్లు పదిమంది, కంచె బయట నిలబడి చూసేవాళ్లు వందమంది. తర్వాత అదీ నిలిచిపోయింది. ఎందుకని అడగడానికి మా ఊళ్లో విమానం ఎక్కినవాడు ఒక్కడూ లేడు.

ఆ విమానాశ్రయం వల్ల మాకు అందిన సౌకర్యం ఒక్కటే, గాలి సంచి. గాలి ఎటు వీస్తోందో విమానం నడిపేవాళ్లకు తెలియడానికి స్తంభానికి కట్టిన పొడవాటి గుడ్డ గొట్టం అది. మావాళ్లు దాన్ని ‘చొక్కా చెయ్యి’ అనేవారు. కళ్లంలో గింజలు తూర్పార పట్టాలంటే ముందు దానివైపే చూపు. “చొక్కా చెయ్యి లేసిందప్పా, చాటలెత్తండి” అని గట్టు మీంచి ఒకరు కేక వేసేవారు. మా నాయన దానితోనే వాన జాడ కూడా పట్టేవాడు. పడమటి గాలికి అది తూర్పుకు బిగదీసుకుని ఉన్నంతకాలం మోడాలు, అంటే మబ్బులు, ఆగకుండా పరుగెడతాయనీ, అది వాలిపోయిన నాడే వాన అనీ ఆయన లెక్క.

రెండువేల సంవత్సరం తర్వాత ఒక ఏడాది, వరసగా రెండు పంటలు ఎండిపోయాక, నేను సెలవులకు వచ్చి ఉన్నప్పుడే, వాన కోసం ఊళ్లో గాడిదలకు పెళ్లి చెయ్యాలన్నారు. ఆ మాట మా ఇంటి అరుగు మీదే వచ్చింది. నేను ఊరుకుంటానా? చిన్నప్పటినుంచీ చర్చా సభల్లో నేర్చిన విద్య అంతా బయటికి తీశాను.

“గాడిద మెడలో పసుపుతాడు కడితే ఆకాశానికి సిగ్గేసి వాన కురుస్తుందా?”

“అయితే నువ్వు తెప్పిస్తావేమబ్బా వాన?” అన్నాడు మా చిన్నాయన.

తెప్పిస్తానన్నాను. సర్కారు వాన విమానాన్ని తెస్తోందనీ, అది మన కంచె లోపలే ఉంటుందనీ, మోడాల్లో ఉప్పుపొడి చల్లి వాన కురిపిస్తుందనీ చెప్పాను. పెళ్లి వాయిదా పడింది. నేను గెలిచాను.

ఆ తర్వాత వారం రోజులకు విమానం నిజంగానే దిగింది. ఆ సాయంత్రమే చిన్న జల్లు పడింది. మా ఇంట్లో ఒలిచిపెట్టిన చెనక్కాయ, అదే వేరుశెనగ, విత్తనం ఉంది. అది పోతే ఆ ఏటికి పంటా లేదు, మళ్లీ విత్తడానికి గింజా లేదు. నాయన చేలోకి వెళ్లి, మట్టిలో వేలు గుచ్చి చూసి వచ్చాడు.

“ఇది పదును గాదురా. పైపైనే తడిసింది. ఇంగో వాన రానీ.”

“విమానం వచ్చింది కదా నాయనా!”

“మోడమే లేకుంటే ఇమానం దేన్ని పిండుతాది?”

నా తరగతిలో ఏ పిల్లవాడైనా ఆ ప్రశ్న వేసి ఉంటే భుజం తట్టేవాణ్ణి. మోడం లేకపోతే విమానం ఏమీ చెయ్యలేదని నాకు తెలుసు. కానీ అరుగు మీద చిన్నాయన కూర్చుని ఉన్నాడు. ఆ మాట ఒప్పుకుంటే గాడిదల పెళ్లి గెలుస్తుంది. అందుకని జవాబు చెప్పకుండా, “నువ్వు కూడా ఆ గాడిదల పెళ్లోళ్ల జట్టేనా నాయనా?” అన్నాను. అందరూ నవ్వారు. నాయన నవ్వలేదు. మరునాడు పొద్దున్నే గొర్రు కట్టి విత్తనమంతా వేసేశాడు.

పడమటి గాలి అందుకుంది. పది రోజులు గాలి సంచి కర్రలా బిగుసుకుని తూర్పుకే నిలిచింది. పదకొండో రోజు నాయన సాలులో ఒక గింజను తవ్వి తీసి నా అరచేతిలో పెట్టాడు. మొలక తెల్లగా వచ్చి, కొసన కాలిన వత్తిలా నల్లబడి ఉంది. నేను సైకిలెక్కి విమానాశ్రయం గేటు దగ్గరికి పోయాను. విమానం మూల నీడలో నిలబడి ఉంది.

“ఎప్పుడు ఎగురుతుంది?” అని కావలివాణ్ణి అడిగాను.

“మోడమొస్తే ఎగురుతాది సార్. అంతవరకూ రెక్కల మింద దుమ్ము తుడుస్తాండాం.”

“రాకపోతే?”

“రాకపోతే మా మాదిరే ఈడ కూసుంటాది. నువ్వు పంతులువి, నీకు తెల్దా?”

తెలుసు. తెలిసీ చెప్పలేదు.

తిరిగి వచ్చేసరికి వీధిలో పలకలు మోగుతున్నాయి. రెండు గాడిదలకు బొట్లు పెట్టి, పూలదండలు వేసి నడిపిస్తున్నారు. గాడిదల వల్ల వాన రాదని ఆనాడూ నాకు తెలుసు, ఈనాడూ తెలుసు. అయినా సైకిలు దిగి, పక్కకు తప్పుకుని దారి ఇచ్చాను. చిన్నాయన నన్ను చూసి, “ఏమబ్బా, నీ ఇమానం యాడికి బాయ?” అన్నాడు. అప్పటికే అరుగు మీంచి దిగి వచ్చిన నాయన, “వాణ్ణేమీ అనాకు. విత్తింది నేను” అన్నాడు.

చిన్నాయన తిట్టి ఉన్నా తట్టుకునేవాణ్ణి.

మరునాడు నాయన వెంట చేనికి పోయాను. ఆయన సాలు వెంబడి వంగి, బతికిన మొలక ఎక్కడైనా ఉందేమోనని మట్టి కదిలిస్తున్నాడు. అప్పటికే ఆయనకు దూరం చూపు తగ్గింది.

“చొక్కా చెయ్యి ఎట్లుండాదో సూడురా” అన్నాడు తలెత్తకుండానే.

చూశాను. ఆకాశం నీలంగా, ఒక్క మరక లేకుండా ఉంది.

“తూర్పుకే ఉంది నాయనా. బిగదీసుకుని.”

“సరే” అని, ఆయన తరువాతి సాలులోకి జరిగాడు. నాకు ఏం చెయ్యాలో తెలియక, నేనూ పక్క సాలులో వంగాను.