పుంగనూరు నల్లప్ప చెక్కిన గిటారు కొస

“గిటారు ఎప్పుడైనా ముట్టుకొనుండావా అప్పా?”

శ్వేత ఆ మాట అడిగినప్పుడు నల్లప్ప ఒక మోటారు సైకిలు పెట్రోలు ట్యాంకును ఒళ్ళో పెట్టుకొని, నీళ్ళు చిలకరిస్తూ ఎమరీ పేపరుతో రుద్దుతున్నాడు. తల కూడా ఎత్తలేదు.

“లేదు.”

“మరి యాల ఒప్పుకుంటాండావు?”

“నువ్వు నన్ను వాయించమన్లేదు గదమ్మా. ఇరిగింది అతికించమన్నావు.”

పుంగనూరు బస్టాండు వెనక సందులో బండ్లకు రంగులేసే నల్లప్పకు యాభై ఎనిమిదేళ్ళు. బైరెడ్డిపల్లె పక్కన ఒక పల్లెలో పుట్టాడు. తండ్రి కూలికి పోయేవాడు, పని లేని రోజుల్లో రైతులకు నాగళ్ళూ కాడిమానులూ చెక్కిపెట్టేవాడు. నల్లప్ప పదిహేనో ఏట పుంగనూరొచ్చి రంగుల షాపులో చేరాడు. అతని చేతిలో ఉండే కళ దేవుడిచ్చిందని అనేవాళ్ళు సందులో నలుగురైదుగురు ఉన్నారు. దేవుడికి ఇందులో ఏ భాగమూ లేదు. రోజుకు పది గంటల లెక్కన నలభై మూడేళ్ళు రుద్దితే ఏ చేతికైనా పని వస్తుంది.

శ్వేతది కురబలకోట. మదనపల్లెలో ఇంజనీరింగు మూడో ఏడు. రెండేళ్ళు పిల్లలకు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో బెంగుళూరులో ఎవరో వాడి వదిలేసిన ఎర్ర ఎలక్ట్రిక్ గిటారు కొనుక్కుంది. అది మామూలు గిటారులా గుండ్రంగా ఉండదు. వెనక్కి రెండుగా చీలి, ఈటె మొనల్లాంటి రెండు కొసలతో ఉంటుంది. బస్సులో పైఅర మీద నుంచి జారిపడి, ఒక కొస రెండంగుళాల మేర విరిగింది. ఆ ముక్క ఏ సీటు కిందికి దొర్లిపోయిందో దొరకలేదు. భుజాన వేసుకునే బెల్టును తగిలించే గుండీ ఉండేది ఆ కొసకే. అది లేకపోతే నిలబడి వాయించలేదు. కూర్చొని వాయిద్దామా అంటే ఆ ఆకారం ఒళ్ళో నిలవదు, జారిపోతుంది. కుప్పంలో కాలేజీల పాటల పోటీ తొమ్మిది రోజుల్లో ఉంది. మదనపల్లెలో వాద్యాలమ్మే ఆయన బెంగుళూరికి పంపమన్నాడు, రెండు నెలలు పడుతుందన్నాడు. తన తండ్రి బండి ట్యాంకుకు రంగేసిన మనిషి శ్వేతకు గుర్తొచ్చింది అప్పుడే.

కూలి పద్దెనిమిది వందలకు కుదిరింది. ఐదొందలు చేతిలో పెట్టి ఆమె మదనపల్లె బస్సెక్కింది.

బస్సు ఊరు దాటి ఉంటుందో లేదో, నల్లప్ప తప్పు చేశాడు. ట్యాంకు చేతికొస్తే మొదట, రంగు పలచన చేసే తిన్నరులో ముంచిన గుడ్డతో జిడ్డు తుడవడం అతని అలవాటు. కంపెనీలో వేడికి కాల్చి గట్టిపరిచిన రంగు తిన్నరుకు చలించదు. గిటారు మీదున్నది కంపెనీ రంగు కాదు, పాత యజమాని ఎవడో పైపైన కొట్టించింది. గుడ్డ ఎర్రగా అయింది. తుడిచినంత మేర రంగు మెత్తబడి ముడతలు పడింది.

ఆ ముడతల మీద ఒక పూత కొట్టి ఊరుకుంటే కుప్పం దాకా ఎవరికీ తెలిసేది కాదు. నల్లప్ప ఫోన్ తీశాడు.

“అమ్మా, తప్పు జరిగింది. తిన్నరు పెట్టి తుడిసినా, రంగు లేసిపోయింది.”

“రెండేళ్ళ డబ్బులప్పా అది! ట్యాంకు అనుకున్నావా?”

“అదే అనుకున్నా. మొత్తం గిటారుకు మళ్ళీ రంగేస్తా. దానికి రూపాయి తీసుకోను. రేపొచ్చి తీగెలూ సామాన్లూ నువ్వే ఇప్పు, వాటి జోలికి నేను రాను.”

మరునాడు ఆమె మొహం గంటు పెట్టుకొనే వచ్చి, స్క్రూలన్నీ విప్పి డబ్బాలో పోసి వెళ్ళింది.

విరిగిన చోటును నల్లప్ప ఏటవాలుగా కోసి చదును చేశాడు. పాత టేకు తలుపు ముక్క ఒకటి తెచ్చి, గిటారు చెక్కలో చారలు ఎటు పోతున్నాయో దీంట్లోనూ అటే పోయేటట్టు తిప్పి పెట్టి, కొస చెక్కాడు. కేవలం జిగురును నమ్మలేదు. తండ్రి కాడిమానుకు కొట్టినట్టు రెండు ముక్కల్నీ కలిపి లోపలికి కొయ్యచీల దిగ్గొట్టాడు. ఇనుప మేకైతే నాలుగు ఊపులకు చెక్కను చీలుస్తుంది, కొయ్యచీల చెక్కతో పాటే ఉబ్బి బిగుస్తుంది. జిగురు ఆరాక కొత్త గుండీ బిగించి, దానికి పది లీటర్ల నీళ్ళ బకెట్టు తగిలించి ఒక పగలంతా వేలాడదీశాడు. అతుకు వెంట్రుకవాసి కూడా విడలేదు. గిటారు మొత్తం నాలుగు కిలోలు లేదు.

తర్వాత రంగు. ఎరుపులో మెరూను, మెరూనులో ఒక్క చుక్క నలుపు. రంగేసిన ట్యాంకుల్ని ఎండలో పెడతారు. గిటారును మాత్రం షాపు వెనక నీడలో వేలాడదీశాడు, ఎండకు చెక్క బీట తీస్తుందని. మూడు పూతలు, ప్రతి పూత మధ్యా నీళ్ళ రుద్దుడు.

ఎనిమిదో రోజు శ్వేత వచ్చి, తీగెలూ సామాన్లూ మళ్ళీ బిగించి, అతికిన చోట బొటనవేలు పెట్టి అటూ ఇటూ రాసింది. గోరుకు అతుకు ఎక్కడా తగల్లేదు.

“నిలుస్తుందా అప్పా?”

“నువ్వు వాయించు. నిలబెట్టేది నా పని.”

అన్నాడు గానీ, మరునాడు షాపు మూసేసి పలమనేరు మీదుగా కుప్పం బస్సెక్కాడు. పండగ కాని రోజు ఆ షాపు మూసింది అదే మొదలు. బకెట్టు కదలకుండా వేలాడుతుంది, ఇరవయ్యేళ్ళ పిల్ల అట్లా కదలకుండా ఉండదు కదా.

సాయంత్రం అయిదింటికి శ్వేత తన కాలేజీ జట్టుతో స్టేజీ ఎక్కింది. పాట నల్లప్పకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అతని కండ్లు ఆ కొసను వదల్లేదు. రెండో చరణంలో ఆమె గిటారును రెండు చేతులా వదిలేసి తలకు పైన చప్పట్లు కొట్టింది. బరువంతా బెల్టు మీద, బెల్టు గుండీ మీద, గుండీ టేకు ముక్క మీద పడింది. నల్లప్ప కుర్చీలోంచి సగం లేచాడు. ఆమె ఎగిరింది. గిటారు ఆమె నడుముకు తగిలి వెనక్కి ఊగింది. కొస కొసలాగే ఉంది. రెండోసారి ఎగిరినప్పుడు అతను వెనక్కి ఆనుకొని, కాలు మీద కాలేసుకున్నాడు.

పక్క కుర్చీలో వెంకటగిరికోట నుంచి కూతురి పాట వినడానికి వచ్చిన ఒకావిడ ఉంది. “ఆ పాప మీకేమవుతుందప్పా?” అనింది.

“ఏమీ కాదమ్మా. ఆ గిటారుకు ఎడమ పక్క కొస ఉండాదే, అది నాది.”

“ఏ కొస? రెండూ ఒకటే మాదిరి ఉండాయే!”

“ఉంటాయి మరి,” అన్నాడు నల్లప్ప.

శ్వేత వాళ్ళకు రెండో బహుమతి వచ్చింది, పదివేలు. పోటీ పెట్టినవాళ్ళు అట్టతో చేసిన పెద్ద చెక్కు బొమ్మ పట్టించి ఫొటో తీశారు, అసలు డబ్బు ఇంకా పంపలేదు. అది వస్తేనే నల్లప్పకు మిగతా కూలి. అతనికి రావలసింది పదమూడు వందలు.